నాలుగింటి క్లాసు

జయకుమారి, బత్తుల వారి డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఆవిడ ఎవరి మీదా గొంతు పెంచింది లేదు, ఏ పనీ నా వల్ల కాదన్నదీ లేదు. అందుకే కాబోలు, నాణ్యత విభాగం చూసే పెద్ద లెక్చరరు రిటైరవగానే ప్రిన్సిపాల్ వెంకటనారాయణ గారు ఆ బీరువా తాళాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

"వచ్చే విద్యా సంవత్సరం చివర్లో పరిశీలన బృందం వస్తుందండీ. రిపోర్టు మీరే తయారుచెయ్యాలి. పాత ఫైళ్లు చూసి, అదే పద్ధతిలో లాగించెయ్యండి" అన్నారు.

నరసరావుపేట నుంచి ముప్పై కిలోమీటర్లు లోపలికి వస్తే, రోడ్డుకి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప, మధ్యలో ఆ కాలేజీ. కొన్నేళ్లకొకసారి బయటి రాష్ట్రాల ప్రొఫెసర్లు ముగ్గురు వచ్చి, రెండు రోజులు తిరిగి, కాలేజీ ఎలా నడుస్తోందో చూసి గ్రేడు ఇచ్చి వెళతారు. వాళ్లు చూసేది సగం కాలేజీని, సగం కాలేజీ తన గురించి తాను రాసుకున్న రిపోర్టుని.

జయకుమారి బీరువా తెరిచి పాత ఫైళ్లు ముందేసుకుంది. ఐదేళ్లలో ఇరవై సమావేశాలు జరిగినట్టు మినిట్సు పుస్తకం ఉంది. ఇరవైకీ ఒకే సిరా, ఒకే దస్తూరీ. ప్రతిసారీ చివర్లో 'సభ్యులందరూ సంతృప్తి వ్యక్తం చేశారు' అన్న వాక్యం. పాత విద్యార్థుల తరఫున ఇరవై సమావేశాలకీ హాజరైన పెద్దాయన, ఆఖరి ఆరు సమావేశాల నాటికి బతికే లేడు.

ఆ మాట చెబితే వెంకటనారాయణ గారు కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నారు. "ఎక్కడైనా ఇంతేనండీ. చదివేదెవరు?"

ఆవిడ ఫైళ్లు తీసుకెళ్లి మళ్లీ బీరువాలో పెట్టేసింది. కానీ ఒక్క పనైనా నిజంగా చేసి, అదే రాద్దామని ఆ రోజే అనుకుంది. ఆ ఒక్క పని ఏదో వెతుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. సంక్రాంతి సెలవులు అయి కాలేజీ తెరిచేసరికి అదే ఎదురొచ్చింది.

బియస్సీ మొదటి సంవత్సరంలో నలభై రెండు మంది. క్లాసులో ఉన్నది పదకొండు మంది. ఏటా ఇంతే. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. ఆడపిల్లలు తల్లుల వెంట ఆటోల్లో చేలకి పోతారు. ఈ సంగతి లెక్చరర్లకి తెలుసు, ప్రిన్సిపాల్‌కి తెలుసు, గేటు దగ్గర బఠాణీలమ్మే ఆవిడకీ తెలుసు. కాయితం మీద మాత్రం హాజరు ఎనభై రెండు శాతం.

ఒక ఆదివారం జయకుమారి పొద్దున్నే బస్సెక్కి కోతలు జరుగుతున్న ఒక చేను దగ్గర దిగింది. చేనంతా ఎర్రగా ఉంది. పాతికమంది ఆడవాళ్లు సాళ్ల వెంబడి వంగి కోస్తున్నారు. వాళ్లలో మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకున్న పిల్ల నడుము నిటారు చేసి చూసి, గబుక్కున మళ్లీ వంగిపోయింది.

"భానుశ్రీ! నిన్ను చూశాలే, లే" అంది జయకుమారి.

భానుశ్రీ క్లాసులో ముందు బెంచీ పిల్ల. సిగ్గుపడుతూ లేచి నిలబడింది. పక్క సాలులోంచి వాళ్లమ్మ పిచ్చమ్మ కంగారుగా వచ్చింది.

"ఏందమ్మా, మా పిల్ల ఏవన్నా తప్పు చేసిందా?"

"లేదండీ. క్లాసుకి రావట్లేదు, ఎందుకా అని వచ్చాను."

"కోతలైపోంగానే వచ్చిద్దమ్మా. ఇప్పుడు రమ్మంటే ఎట్టా? ఈ మూడు నెలలే మాకు పని. తరవాత చేద్దామన్నా ఎవరు పిలుస్తారు?"

"ఎన్నింటికి ఇంటికి చేరతారు?"

భానుశ్రీ అందుకుంది. "రెండింటికి పని దిగిపోతాం మేడమ్. ఇంటికి పోయేసరికి మూడయిద్ది. అప్పట్నుంచీ ఖాళీనే. కానీ కాలేజీ మూడున్నరకి మూసేస్తారుగా."

ఆ మాట అంత మామూలుగా అనేసి ఆ పిల్ల కాయలు కోసుకుంటూ పోయింది. జయకుమారి మాత్రం తిరుగు బస్సులో కూర్చుని అదే తలుచుకుంది. పద్నాలుగేళ్లుగా ఈ పిల్లలకి చదువు మీద శ్రద్ధ లేదని స్టాఫ్ రూములో అందరితో పాటు తనూ అంటూనే ఉంది. ఎన్నింటికి ఖాళీ అవుతారని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

వెంకటనారాయణ గారు కాదనలేదు. "మీ ఓపికండీ. వాచ్‌మన్‌తో నేను చెబుతాను" అన్నారు. మరుసటి వారం నుంచి సాయంత్రం నాలుగింటికి కెమిస్ట్రీ లాబ్‌లో క్లాసు మొదలైంది. మొదటి రోజు ఏడుగురు వచ్చారు. పది రోజులయ్యేసరికి పంతొమ్మిది మంది. మార్చి మొదటి వారానికి ఇరవై తొమ్మిది.

స్నానాలు చేసి, తడి జడలతో వచ్చేవాళ్లు. ఎంత రుద్ది కడిగినా చేతులకి ఘాటు పోయేది కాదు. ఒకమ్మాయి మర్చిపోయి కన్ను నలుపుకుని అరగంట ఏడ్చింది. జయకుమారి ఇంటి నుంచి క్యాను నిండా మజ్జిగ తెచ్చి సింకు పక్కన పెట్టేది. అందరూ చేతులు అందులో ముంచి, తుడుచుకుని, అప్పుడు గాజు సామాను ముట్టుకునేవాళ్లు. భానుశ్రీ ఒకరోజు బ్యూరెట్టు కింద ఫ్లాస్కు పెట్టి చుక్క చుక్కగా వదిలి, మూడుసార్లూ ఒకే రీడింగు వచ్చేలా చేసింది. లేత గులాబీ రంగు తిరిగి అలా నిలిచిపోయింది. "నేనే చేశా మేడమ్, ఎవరూ చెప్పలా" అని ఫ్లాస్కు కింద పెట్టకుండా లాబంతా తిప్పి చూపించింది.

ఆ ఏడు రిపోర్టు రాసేటప్పుడు జయకుమారి దాచకుండా రాసింది. కోతల నెలల్లో అసలు హాజరు ఇరవై ఆరు శాతం. నాలుగింటి క్లాసు పెట్టాక అరవై తొమ్మిది. వెంకటనారాయణ గారు ఆ పేజీ దగ్గర ఆగిపోయారు.

"పోయినసారి ఎనభై రెండు అని పంపించామండీ. ఇప్పుడు ఇరవై ఆరు అంటే ఏవనుకుంటారు?"

"ఇరవై ఆరు అని రాస్తేనే కదండీ, అరవై తొమ్మిదికి అర్థం?"

ఆయన పెన్ను మూత తీశారు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. "మీరు చెప్పేదీ నిజమేలెండి" అని సంతకం పెట్టేశారు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో బృందం వచ్చింది. గోడలకి సున్నాలు, మెట్ల మీద అద్దెకి తెచ్చిన పూలకుండీలు, గేటుకి ఫ్లెక్సీ. పిల్లలందరూ యూనిఫాంలో రావాలని కబురు పెట్టారు. భానుశ్రీ అప్పటికి రెండో సంవత్సరం. కోత మానుకుని వచ్చింది.

బృందానికి పెద్ద, తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ. మిగతా ఇద్దరూ ఫైళ్లు తిరగేస్తుంటే ఆవిడ లాబ్‌లోకి వచ్చి పిల్లల మధ్య స్టూలు మీద కూర్చుంది. నాలుగింటి క్లాసు గురించి ఇంగ్లీషులో అడిగింది. భానుశ్రీ రెండు వాక్యాలు ఇంగ్లీషులోనే చెప్పి, ఆపైన మాటలు దొరక్క జయకుమారి వైపు తిరిగింది.

"ఈ క్లాసు ఉంటే వస్తానని చెప్పండి మేడమ్. లేకపోతే నాకు కుదరదు. అంతే."

జయకుమారి ఉన్నదున్నట్టు చెప్పింది. ప్రొఫెసరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, తిప్పి, వేళ్ల చివర్లు చూసింది. తన డైరీలో ఏదో రాసుకుంది. వెళ్లేటప్పుడు వరండాలో జయకుమారి భుజం తట్టి, "ఈ రెండు రోజుల్లో నేను చూసిన అసలైన పని మీదే" అంది.

ఆ సాయంత్రం బస్సులో జయకుమారికి సీటు దొరకలేదు. రాడ్డు పట్టుకుని నిలబడే ఇంటి దాకా తనలో తను నవ్వుకుంటూ వెళ్లింది.

ఏప్రిల్లో ఫలితం వచ్చింది. అన్నిటికన్నా కింది గ్రేడు. పూర్తికాలం లెక్చరర్లు లేరు, లైబ్రరీలో కొత్త పుస్తకాలు లేవు, ఉద్యోగాలు వచ్చినవాళ్ల జాబితా లేదు. అన్నీ నిజాలే. పద్దెనిమిది పేజీల నివేదికలో నాలుగింటి క్లాసుని మెచ్చుకుంటూ ఒక వాక్యం ఉంది. ఇంకోచోట, 'సైన్స్ విభాగంలో హాజరు ఆందోళనకరంగా తక్కువగా ఉందని కాలేజీయే ఒప్పుకుంది' అని మరో వాక్యం.

మే నెలలో కాలేజీని నడిపే కమిటీ కూర్చుంది. సెక్రటరీ కోటిలింగం గారు, కాలేజీకి స్థలమిచ్చిన వారి మనవడు, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఓనరు. కఠినమైన మనిషి కాదు. జయకుమారికి కుర్చీ వేయించి, ఫ్యాను ఆవిడ వైపు తిప్పించారు.

"ఈ పేజీ మీరే రాశారు కదండీ?"

"అవునండీ."

"మూడు నెలలు పిల్లలే రారని మీరే రాశారు. రాని పిల్లలకి లాబ్ ఏందండీ? వచ్చే ఏడు నుంచి సైన్స్ ఆపేసి కామర్స్ ఇంకో సెక్షన్ పెడదాం. ఇప్పుడున్న పిల్లల్ని నరసరావుపేట కాలేజీలో చేర్పిద్దాం."

"రాని పిల్లలు కాదండీ, ఆ వేళకి రాలేని పిల్లలు. వేళ మారిస్తే వచ్చారు. అదీ ఆ పేజీలోనే ఉంది." జయకుమారి చాలాసేపు మాట్లాడింది. రెండేళ్ల హాజరు పట్టీ తెచ్చి చూపించింది. ఫిజిక్స్ కూడా సాయంత్రానికి మారిస్తే ఏమవుతుందో చెప్పింది. పేట నుంచి ఆఖరి బస్సు ఎప్పుడో, ఆ టైముకి ఏ తల్లి కూతుర్ని పంపుతుందో అడిగింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరూ తలలూపుతూ విన్నారు. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"మీరు చెప్పింది న్యాయమేనండీ. మీకు పిల్లల మీద ఎంత ప్రేముందో తెలుస్తానే ఉంది" అన్నారు కోటిలింగం గారు. "కానీ గ్రేడు చూశారుగా. ఏదో ఒకటి చెయ్యకపోతే మళ్లీసారి కాలేజీయే ఉండదు."

తీర్మానం రాశారు. కారణం అన్న చోట జయకుమారి రిపోర్టులోని ఇరవై ఆరు శాతం వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు.

వరండాలోకి వచ్చాక వెంకటనారాయణ గారు ఆవిడ పక్కన నడుస్తూ, "ఎనభై రెండని ఉంటే అసలు ఈ మాటే ఎవరూ ఎత్తేవాళ్లు కాదండీ" అన్నారు. దెప్పిపొడుపుగా కాదు. బాధగానే అన్నారు. జయకుమారికి అది ఇంకా లోపలికి దిగింది. ఆ పాత లెక్చరరు ఒకే సిరాతో రాసిన అబద్ధం ఇన్నేళ్లూ ఆ లాబ్‌ని కాపాడింది. తను రాసిన నిజం ఒక్క మధ్యాహ్నంలో దానికి తాళం వేయించింది. ఇందులో తన తప్పు ఎక్కడుందో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. దొరికి ఉంటే కాస్త నయంగా ఉండేదేమో.

ఆవిడ ఉద్యోగం తీసెయ్యలేదు. కామర్స్ పిల్లలకి పర్యావరణం పాఠం చెప్పమన్నారు, నాణ్యత విభాగమూ చూసుకోమన్నారు. బృందం చూపించిన లోపాల మీద ఏం చర్య తీసుకున్నారో రాసి పంపే పని మళ్లీ ఆవిడదే. హాజరు అన్న గడి దగ్గరికొచ్చి లెక్క వేసి చూసింది. కోతలకి పోయే పిల్లలందరూ వెళ్లిపోతున్నారు కాబట్టి, వచ్చే ఏడు హాజరు దానంతటదే పెరుగుతుంది. గడిలో 'మెరుగుదల' అని నింపి పేజీ తిప్పింది.

జూన్లో టీసీలు ఇచ్చారు. పేట కాలేజీలో చేరతామన్నవాళ్లు తొమ్మిది మంది. భానుశ్రీ ఆ తొమ్మిది మందిలో లేదు. వాళ్లమ్మతో కలిసి వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"పేటలో మా ఇంట్లో ఉండి చదువుకోవచ్చు భానూ. నేను అమ్మతో మాట్లాడతాను" అంది జయకుమారి.

"వద్దు మేడమ్. నేనూ పోతే అమ్మ ఒక్కతే అయిపోయిద్ది. మీరు బాధపడమాకండి." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అలిగినా బాగుండేది, రెండు మాటలు అన్నా బాగుండేది.

పిచ్చమ్మ టీసీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ కాయితం ఎందుకు పనికొచ్చిద్దమ్మా?"

"ఇది చూపిస్తే ఏ కాలేజీలో అయినా చేర్చుకుంటారండీ."

"ఎన్నేళ్ల దాకా పనికొచ్చిద్ది?"

"ఎన్నేళ్లయినా" అంది జయకుమారి. అనేసి, ఆ తల్లి కళ్లలోకి చూడలేక కౌంటరు మీది రిజిస్టరు సర్దసాగింది.

పిచ్చమ్మ ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచీలో అన్నం క్యారియరు కింద దోపింది. వానలు పడ్డాయి. రోడ్డు మీద పత్తి గింజలు పెట్టడానికి పోయే ఆటో హారను కొడుతోంది. లోపల ఆడవాళ్లు జరిగి జరిగి ఇద్దరికి చోటు చేశారు. తల్లి ఎక్కింది. భానుశ్రీ వెనక చెక్క మీద కూర్చుని, చున్నీ తలకి చుట్టుకుని, కాళ్లు బయటికి వేలాడేసింది. ఆటో కదిలింది.