అద్దాల పెట్టెలో పేటియా

తాత హయాంలో కూలీ ఇవ్వకుండా కట్టించిన దొరల గడి కూలిపోతే, మనవడు వెంకట్రాంరావు కూలిచ్చి మళ్లీ కట్టించాడు. నెల్లికుదురు అవతల ఆ గడికిప్పుడు ‘ప్రపంచ సంస్కృతుల మ్యూజియం’ అని బోర్డు. సకలజనుల సమ్మెలో బడి బంద్, బస్సు బంద్. గడి మాత్రం బార్లా తెరిచే ఉంది.

పక్క లంబాడీ తండా నుంచి జమ్లీ, మొగుడు వాల్యాను వెంటేసుకుని వచ్చింది చూడ్డానికి కాదు, తెచ్చుకోవడానికి. తల్లి గంగి బతికున్నప్పుడు కుట్టిన అద్దాల ఘాగ్రాను, తండా మాటలో పేటియాను, ‘వారం చూపించి ఇస్త’నని పోయినేడు వెంకట్రాం పట్టుకుపోయాడు. ఎల్లుండి బిడ్డ సుమన పెండ్లి. అమ్మమ్మ పేటియా కట్టుకునే అత్తారింటికి పోతానని పిల్ల మొండిపట్టు.

ఆఫ్రికా ముసుగులు, జపాను విసనకర్రలు దాటాక పేటియా కనబడింది.

“తండా నుంచి అరగంట నడిస్తే విదేశమొచ్చిందే,” అన్నాడు వాల్యా. “అద్దాల బట్టకు మళ్ల అద్దమెందుకో!”

జమ్లీకి నవ్వు రాలేదు. పేటియా కట్టిన బొమ్మకు నెరిసిన జుట్టు తగిలించారు. చెంపల పక్కన వేలాడాల్సిన వెండి ఘుగ్రీలు లేవు. అవి పక్క పెట్టెలో ‘లోహకళ’ అనే చీటీ కింద మెరుస్తున్నాయి. పెండ్లయిన లంబాడీ ఆడది ఘుగ్రీలు విప్పేది మొగుడు పోయిననాడే.

మెడలో జై తెలంగాణ కండువాతో వెంకట్రాం ఎదురొచ్చాడు. “ఎట్లుంది జమ్లీ, మన సంస్కృతి?”

“ముండమోపికి కట్టినవు గద దొరా, మా అమ్మ పేటియా!”

“ప్లాస్టిక్ బొమ్మకు మొగుడెవడు, పోవుడెవడు?” పకపకా నవ్వి పెట్టె తాళం తీశాడు. “పెండ్లంట గద, తీస్కపో. మొన్న మీ వియ్యపురాలు గూడ వచ్చింది. దీని పక్కన నిలబడి ఫొటో దిగింది.”

జమ్లీ చాచిన చెయ్యి అట్లనే ఆగింది. ఎవరికీ తెలియకపోతే ఉతికి, ఆరేసి, కండ్లు మూసుకుని కట్టేదేమో. ముండమోపి బొమ్మ మీద వియ్యపురాలి కంటబడ్డాక ఆ బట్ట పెండ్లిపీట ఎక్కదు.

“వద్దు దొరా. ఆ ఘుగ్రీలన్న దీనికి కట్టు.”

“అవి వేరే విభాగం, కలపరాదు. రాష్ట్రం రానియ్, చూద్దాం.”

ఇద్దరూ తండా బాట పట్టారు. వాల్యా అడిగాడు: “పిల్లకేం చెప్తవే?”

“దొర ఇయ్యనన్నడని చెప్త,” అంది జమ్లీ. “గా మాటైతె తండాల ఎవలైన నమ్ముతరు.”