ఆపమన్న సైగ

పొద్దుటి నుంచి అది నాలుగోసారి. క్రేన్ మనిషి క్యాబిన్ తలుపు తీసి, వెనక్కి తిరిగి, నిచ్చెన మీద కాలు పెట్టాడు. దిగడానికి పన్నెండు నిమిషాలు, ఎక్కడానికి ఇరవై. మధ్యలో చేసే పనికి ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం కోసం ఇనుప కడ్డీల కట్ట నేల మీదే పడి ఉంది. పన్నెండో అంతస్తులో కడ్డీలు కట్టేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

కింద అతని బావమరిది నిలబడి ఉన్నాడు. క్రేన్‌కి సైగలు చేసేది వాడే. పైనున్నవాడికి కింద ఏం జరుగుతోందో కనపడదు. ఎత్తు, దించు, ఆపు అని కిందివాడు చేతులతో చెబితే పైవాడు లీవరు కదుపుతాడు. పదహారేళ్ళుగా ఈ ఇద్దరిదీ అదే సంసారం.

"బావా, నిచ్చెన అరిగిపోతోంది," అన్నాడు బావమరిది.

"నోరు మూసుకుని పక్కకి జరుగు."

"జరుగుతాలే. ముందు నువ్వు కానిచ్చుకో, ఆగేట్టు లేవు."

అతను దొడ్డి నుంచి బయటికొచ్చి కొళాయి కింద నోరు పెట్టి గటగటా తాగాడు. బిందెలోనైనా అన్ని నీళ్ళు పట్టవు. తాగినవన్నీ మళ్ళీ గంటకి కిందికి దింపుతాయని తెలుసు. అయినా తాగాడు. నాలుక అట్టముక్కలా ఉంటే మనిషి ఏం చేస్తాడు?

అతను మూతి తుడుచుకునేసరికి సైటు ఇంజనీరు ఎదురుగా ఉన్నాడు. మంచివాడే, కానీ మంచితనానికీ పనికీ ముడిపెట్టే రకం కాదు.

"పెద్దాయనా, వచ్చే నెలలో పైకప్పు దూలాలు ఎక్కిస్తున్నాం. ఒక్కో దూలం బోల్టులు బిగించేదాకా కొక్కేనికి గంటకు పైగా వేలాడుతుంది. వేలాడుతుంటే మీరు సీటు వదిలి దిగడానికి లేదు. తెలుసుగా?"

"నాకు చెబుతున్నారా?"

"చెప్పక తప్పట్లేదు. డాక్టరుకి చూపించుకుని, బాగున్నానని కాగితం తెండి. తేకపోతే క్రేన్‌కి వేరే మనిషిని పెట్టుకుంటాను. మీకు గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను."

గేటు దగ్గర కుర్చీ అంటే వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకోవడం. ఇరవై నాలుగేళ్ళు ఆకాశంలో కూర్చున్న మనిషి, దుమ్ములో కూర్చుని టైర్లు చూడటం. అతను వెనక్కి తిరిగాడు. నిచ్చెన ఎక్కాడు.

ఆ సాయంత్రం అతనికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. తాగితేనే కదా దిగాల్సింది, తాగకపోతే సరి. మూర్ఖుడికి ఉపాయం తడితే ఊరుకోడు. మర్నాటి నుంచి సీసా ఇంట్లోనే వదిలేశాడు. మొదటి రోజు రెండుసార్లు దిగాడు. రెండో రోజూ రెండుసార్లే దిగాడు, కానీ పెదవులు పగిలాయి. మూడో రోజు మధ్యాహ్నం లీవరు మీద చెయ్యి ఉండగా కళ్ళ ముందు నల్లటి తెర ఒకటి దిగి లేచింది. కొక్కేనికి అప్పుడు బరువేమీ లేదు. అది అతని తెలివి కాదు, అదృష్టం. మోటారు ఆపేసి, నిచ్చెనను కావిలించుకుని దిగాడు.

ఇంట్లో భార్యకు ఈ సంగతి బావమరిది నోటి ద్వారానే తెలిసింది. తమ్ముడు అక్కకు దాచేది ఏమీ ఉండదు. ఆమె చొక్కాల కార్ఖానాలో కాజాలు కుట్టే మిషన్ మీద పనిచేస్తుంది. రోజుకి వెయ్యి కాజాలు కుట్టే మనిషికి వంకర కుట్టంటే ఎంత మంటో, వంకర మాటన్నా అంతే.

"నీళ్ళు మానేశావంట?"

"మానలేదు, తగ్గించాను."

"మెడకాయ మీద తలకాయ ఉన్నవాడు చేసే పనేనా అది? రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి. నేను సెలవు పెట్టాను."

"షుగరేనక్కా," అన్నాడు తమ్ముడు, ముందే గోడకు ఆనుకుని కూర్చుని. "మా సెంట్రింగ్ మేస్త్రీకి ఇదే వరస. దాహం, దొడ్డి, దాహం, దొడ్డి. తీరా చూస్తే షుగరు. బావా, నీ టీలో పంచదార ఇవాళ్టి నుంచి నాకు పోసెయ్."

"నువ్వు ఎప్పుడు డాక్టరు అయ్యావురా? చేతులు ఊపడం తప్ప నీకేం వచ్చు?" అంది అక్క.

క్రేన్ మనిషికి మాత్రం తన గొంతు మీదే అనుమానం. రెండేళ్ళ కిందట గొంతులో థైరాయిడ్ గడ్డ పెరిగితే ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. అప్పటి నుంచి పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ బిళ్ళ ఒకటి. ఆ బిళ్ళే ఎక్కువై వేడి చేసి, ఈ దాహం పుట్టిస్తోందని అతని లెక్క. ముగ్గురికీ మూడు లెక్కలు. రక్తం తీసేవాడికి సూది ఒక్కటే.

పొద్దున రక్తం ఇచ్చారు. సాయంత్రానికి కాగితాలు వచ్చాయి. డాక్టరమ్మ గదిలో మూడు కుర్చీలు, గోడ వారన బరువు తూచే మిషన్, కిటికీ దగ్గర ఒక మంచం. ముగ్గురూ వరసగా కూర్చున్నారు. తమ్ముడెందుకంటే, ఇంజనీరుకి ఏం చెప్పాలో వాడికీ తెలియాలట.

"దాహం, మాటిమాటికీ మూత్రం అంటే ముందు చూడాల్సింది షుగరే," అంది ఆమె. "థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవాళ్ళలో కొందరికి అది కూడా తోడవుతుంది. మీకు లేదు."

అక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు బరువు మిషన్ వైపు చూశాడు.

"థైరాయిడ్ బిళ్ళ మోతాదు మించినా గుండెదడ, చెమట, దాహం ఉంటాయి. అదీ సరిగ్గానే ఉంది. కిడ్నీలు మాత్రం కొంచెం అలసిపోయాయి. ఎందుకో చెబుతాను. మీ రక్తంలో కాల్షియం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది. అది ఎక్కువైతే కిడ్నీలు నీళ్ళు పట్టి ఉంచలేవు, వదిలేస్తాయి. వదిలేసిన నీళ్ళ కోసం ఒళ్ళు దాహం అంటుంది. అలాంటప్పుడు మీరు నీళ్ళు మానేశారు."

ఆ చివరి మాట ఆమె గొంతు పెంచకుండానే అంది. అతను కుర్చీలో ముడుచుకుపోయాడు.

"మందులన్నీ తెమ్మన్నాను, తెచ్చారా?"

భార్య గుడ్డసంచి బల్ల మీద బోర్లించింది. థైరాయిడ్ సీసా. కాల్షియం, విటమిన్ డి కలిసిన బిళ్ళల డబ్బా. ఆపరేషన్ అయినప్పటి ఆస్పత్రి చీటీ, నాలుగు మడతల మీద.

"కాల్షియం ఇంకా వేసుకుంటున్నారా?"

"రోజుకి రెండు. ఆస్పత్రిలో రాసిచ్చినవేనండీ," అన్నాడు.

డాక్టరమ్మ చీటీ విప్పి చదివింది. "ఆరు వారాలకు రక్తపరీక్షతో రమ్మని రాశారు. వెళ్ళారా?"

"ఆ వారం స్లాబు వేస్తున్నామండీ."

"తర్వాత?"

తర్వాత ఇంకో స్లాబు. ఆ తర్వాత మరొకటి.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "రోజుకి రెండుతో ఇంత పెరగడం అనుమానమే. ఇంకేమైనా వేసుకుంటున్నారా?"

అతని చెయ్యి చొక్కా జేబు మీదకు వెళ్ళి ఆగింది. జేబులో బిళ్ళల అట్ట ఒకటి ఉంది. అది భార్యకు తెలియదు. బావమరిదికీ తెలియదు.

ఆపరేషన్ అయిన రెండో రోజు ఆస్పత్రి మంచం మీద అతని పెదవులు, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. థైరాయిడ్ వెనక కందిగింజలంత గ్రంథులు నాలుగు ఉంటాయి, ఒంట్లో కాల్షియం వాటి చేతుల్లోనే ఉంటుంది, కోతకి అవి కొన్నాళ్ళు మొద్దుబారతాయి అని నర్సు చెప్పి కాల్షియం ఇచ్చింది. తిమ్మిరి పోయింది. భయం పోలేదు. లీవరు మీద వేళ్ళు తిమ్మిరెక్కితే కింద ఎన్ని తలలుంటాయో అతనికి తెలుసు. రెండు నెలల తర్వాత ఒక చలిపొద్దున క్యాబిన్‌లో వేళ్ళు కొంకర్లు పోయాయి. అది చలి అని అతనికి తోచలేదు. కాల్షియం బిళ్ళ వేసుకున్నాడు. ఎండ ఎక్కింది, వేళ్ళు వదులయ్యాయి. ఆ పుణ్యం బిళ్ళకు దక్కింది. అప్పటి నుంచి పెద్ద బరువు ఎత్తే ప్రతిసారీ ముందు ఒక బిళ్ళ. పెద్ద బరువులు రోజుకి నాలుగైనా ఉంటాయి.

ఇప్పుడు చెబితే, వేళ్ళ మీద నమ్మకం లేనివాడు క్రేన్ ఎలా ఎక్కుతాడని డాక్టరమ్మ కాగితం ఇవ్వదు. చెప్పకపోతే దాహం పోదు, కాగితం రాదు. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. రెండు దారులూ గేటు దగ్గరి కుర్చీకే పోతున్నాయి.

"బావా," అన్నాడు బావమరిది మెల్లగా, వేళాకోళం లేకుండా. "రేపు ఆ దూలం కింద నిలబడేది నేను."

అతను అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. పదింటిలో ఏడు ఖాళీ.

భార్య ఆ అట్టను చూసింది, మొగుణ్ణి చూసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు కావస్తోంది."

"ఎవరు వేసుకోమన్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎవరూ ఆపమనలేదండీ," అన్నాడతను. "మా పనిలో ఆపమని సైగ వచ్చేదాకా ఆపం."

"ఆపమనలేదా!" భార్య సగం లేచింది. "గడ్డ ఎప్పుడో పోయింది, ఇంకా ఈ సుద్దబిళ్ళలు ఎందుకు, ఒకసారి అడిగి రా, అని నేను ఏడాదిగా మొత్తుకోలా? డబ్బా కొన్న ప్రతిసారీ అన్నాను. నా మాట గాలికా?"

"నువ్వు డాక్టరువి కాదు కదా."

అప్పుడు బావమరిది కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బావా, పనిలో చేరిన మొదటిరోజు నాకు నువ్వేం నేర్పావు? ఎత్తమనే సైగ ఒక్కడే చెయ్యాలి. ఆపమనే సైగ ఎవడు చేసినా ఆపాలి. దారినపోయేవాడు చేసినా సరే, ముందు ఆపి, ఆ తర్వాత అడగాలి. అన్నావా లేదా?"

అన్నాడు. ఆ నియమం తప్పారని ముగ్గుర్ని సైటు నుంచి పంపించేశాడు కూడా.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. తర్వాత పెన్ను తీసింది. "రెండు రోజులు ఇక్కడే ఉంటారు. సెలైను పెడతాను. కాల్షియం, ఆ విటమినూ రెండూ ఆపుతున్నాను. థైరాయిడ్ బిళ్ళ మాత్రం జన్మంతా వేసుకోవాలి, దాన్ని ఆపకండి. మొదట్లో రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి రక్తం చూస్తాను. ఆ గ్రంథులు మేలుకున్నాయో లేదో అప్పుడు తెలుస్తుంది. మళ్ళీ తిమ్మిరి వస్తే నా దగ్గరికి రావాలి, జేబులోకి కాదు."

"కాగితం?"

"రక్తం ఒప్పుకుంటే ఇస్తాను."

రక్తం ఒప్పుకుంది. నాలుగో వారానికి అంకె దిగాల్సిన చోటికి దిగింది. అంతకు ముందే అతను రాత్రి ఒకే నిద్ర పోవడం మొదలుపెట్టాడు. భార్య రెండుసార్లు లేచి, మనిషి ఉన్నాడా పోయాడా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

దూలాలు ఎక్కించే రోజు చలిగా ఉంది. మొదటి దూలం లేచింది. కింద బావమరిది చేతులు ఎత్తమన్నాయి, నెమ్మదిగా అన్నాయి, చివరికి రెండు చేతులూ బారచాపి ఆపమన్నాయి. అతను ఆపాడు. దూలం తన చోట కూర్చుంది. బోల్టులు బిగించేవాళ్ళు పైకి పాకారు.

ఇరవై నిమిషాలకి వేళ్ళ కొసలు మొద్దుబారాయి. అతని ఎడమచెయ్యి తనకు తెలియకుండానే జేబులోకి పోబోయింది. పోలేదు. జేబు మూతి కుట్టేసి ఉంది. కాజాల మిషన్ మీద వేసిన కుట్టు, వేలిగోరు కూడా దూరనంత దట్టంగా. అతను ఒక్కడే క్యాబిన్‌లో పకపకా నవ్వాడు. ఎడమచేతిని తొడకేసి రాశాడు, తర్వాత కుడిచేతిని. వేళ్ళు వెచ్చబడ్డాయి. చలి, అంతే. గంటా పదినిమిషాలకి కొక్కెం విడుదలయింది. పక్కనున్న సీసాలో నీళ్ళు పావువంతే తగ్గాయి.

మధ్యాహ్నం అతను నిచ్చెన దిగి, దొడ్డి వైపు చూడనైనా చూడకుండా వచ్చి భోజనం డబ్బా విప్పాడు.

"ఏంటి బావా, ముందు అటు కదా?" అన్నాడు బావమరిది.

"తర్వాత. ఆకలేస్తోంది."

సాయంత్రం ఇంట్లో కాళ్ళు కడుక్కుని వచ్చి భార్య ముందు చొక్కా పట్టాడు. "జేబు కుట్టేశావు సరే. మూడు చొక్కాలకీ కుట్టావు. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టుకోవాలి?"

"నెత్తిన పెట్టుకో," అంది ఆమె, ఇంట్లోని పాత కుట్టుమిషన్ మీది నుంచి తల ఎత్తకుండా. "అక్కడ చాలా చోటుంది."