కంచిబల్లిని ముట్టిన చేయి

శ్రావణమాసమున కారుమొయిళ్లు పడమటి కొండలపై క్రమ్ముకొని పెన్నానదీసైకతములను మసకబార్చుచు కురియుటకో మానుటకో నిశ్చయింపజాలక నింగిని వ్రేలాడుచుండు సంధ్యాసమయమున నూలువేడను పల్లెయందలి దేవాంగుల వీధిలో మగ్గముల చప్పుళ్లు ఒకదాని వెనుక నొకటిగా నణగిపోవుట వాడుక. పగలెల్ల ఇల్లిల్లును టకటకధ్వనులతో దద్దరిల్లుచుండిన ఆ వీధి దీపములు పెట్టు వేళకు ఊపిరి తీసికొనును. ఆ పిమ్మట గిన్నెల మ్రోతయు పిల్లల గోలయు ముదుసళ్ల దగ్గులును వినవచ్చును. ఈ సందడి యంతయు ఇరువైపుల గోడల దాక వచ్చి లోనికి రాక నిలిచిపోవు ఇల్లొక్కటి ఆ వీధి నడుమ కలదు. అది చౌడమ్మ మిద్దె.

చౌడమ్మ భర్త రామలింగడు పట్టుచీరలు నేయుటలో పేరుమోసినవాడు. అతడు పోయినది మొదలు ఆమె గుంటమగ్గముపై పలకలు పరచి వానిమీద నూలుబుట్టల నుంచుకొని ఇరుగుపొరుగు మగ్గములకు కండెలు చుట్టి యిచ్చుచు కాలము గడపుచుండెను. బిడ్డలు లేరు. పుట్టినింటివారు పలుకరించుట మానిరి. నూలు తెచ్చువారు గడప యవతలినుండియే బుట్టను లోనికి త్రోసి కండెలు సిద్ధమైన పిదప అరుగుమీదినుండియే తీసికొని పోవుదురు. క్రొత్త పడుగు సాగదీయునాడు ఆమె మొగమెక్కడ కంటబడునో యని ఆ వైపు చూపైనను త్రిప్పరు. ఒంటరితనము చౌడమ్మకు అలవాటైపోయెనని వీధివారు చెప్పుకొందురు గాని అది అలవాటగునది కాదని చౌడమ్మకు తెలియును.

అట్టి చౌడమ్మకు ఆ వీధిలో ఒక్క గౌరవము కలదు. కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆమె మగనితో చీరల మూటవెంట కంచికేగి వరదరాజస్వామి కోవెలలో పైకప్పున తాపించిన బంగారుబల్లిని తన చేత ముట్టి వచ్చినది. బల్లి మీదపడిన దోషము ఆ బంగారుబల్లిని ముట్టిన చేతిని ముట్టిన తొలగునని యెల్లరకును నమ్మకము గదా. కావున ఎవ్వరి భుజముపైనైనను నెత్తిపైనైనను బల్లి పడినంతనే వారు తలకు నీళ్లు పోసికొని తడిబట్టలతో పరుగుపరుగున వచ్చి వెనుకముందులు చూడక చౌడమ్మ రెండు చేతులును పట్టుకొని కన్నుల కద్దుకొని పోవుదురు. ఏడాది పొడుగునను ఆమెను మనుష్యులు తాకు సందర్భ మదియొక్కటియే. గంజికి బిరుసెక్కిన అరచేతులును పసుపువాసన గల వ్రేళ్లును పసివారి తేమగుప్పిళ్లును ఆమెకు కన్నులు మూసికొన్నను గుర్తే. బల్లి పడుట లోకమునకు కీడు, చౌడమ్మకు మాత్రము చుట్టములు వచ్చుట. పొరుగిండ్ల కప్పులపై బల్లులు కొంచెము పట్టుతప్పిన బాగుండునని ఆమె లోలోపల ఎన్నిమారులు కోరుకొన్నదో పైకి చెప్పుట మర్యాద గాదు.

ఆ శ్రావణమున నొక మునిమాపు పొరుగింటి గురవమ్మ వీధితలుపు మూయుచుండగా మీదినుండి యొక బల్లి ఆమె ఎడమభుజముపై పడెను. గురవమ్మ కెవ్వున నరచి విదలించినంతనే అది తలుపుసందున జారిపడెను. ఆ తత్తరపాటులో తలుపు దానిపై మూతపడెను. గురవమ్మ చెంబెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకొని కొంగు పిండుకొననైన పిండుకొనక చౌడమ్మ వాకిట వచ్చి నిలిచెను.

“చౌడక్కా, చేతులిట్ల ఇయ్యి! బల్లి పడె నా మీద. గుండె ఇంకా కొట్టుకుంటానే ఉండాది.”

చౌడమ్మ చేతులు చాచెను. చల్లని నీటిబొట్లతోడి ఆ వెచ్చని అరచేతులు తన చేతులలో నుండగా ఆమె అవసరమునకు మించి ఒక్క నిమేషము పట్టుకొనియే యుండి పిదప మెల్లగా విడిచెను.

“ఆ బల్లి యేమాయెనే?”

“తలుపుసందులో నలిగిపాయె. చీపురుతో కాలవలోకి నూకేసినా. దాని సంగతి మనకెందుకక్కా?” అని గురవమ్మ తేలికపడిన మనస్సుతో వెడలిపోయెను.

చేతులలోని వెచ్చదన మింకను ఆరకమునుపే చౌడమ్మకు మనసున ఏదో గుచ్చుకొన్నట్లాయెను. తన గడప త్రొక్కనివారిని ఇన్నాళ్లును తన చేతి కందించుచు వచ్చినవి ఆ ప్రాణులే గదా. ఆమె దీపము పట్టుకొని కాలువయొడ్డున వెదకెను. బల్లి చావలేదు. తోక యెక్కడనో తెగిపోయినది. ముంగాళ్లు రెండును బురదను పట్టి మేనిని ముందునకు లాగుచుండగా వెన్నున నొక్కుపడిన చోటినుండి వెనుకకాళ్లు తెగిన దారపుముక్కలవలె వెంబడి ఈడ్వబడుచుండెను. చౌడమ్మ ప్రత్తిపింజ పరచి దానిని మెల్లగా ఎత్తి లోనికి తెచ్చెను.

ఎముక నిలుకడగా నున్నగాని అతుకుకొనదని ఆమె యెరుగును. ఒకప్పుడు రామలింగడు మిద్దెనిచ్చెనమీదినుండి పడి చేయి విరుగగొట్టుకొన్నపుడు కట్లు కట్టువాడు వెదురుబద్దల నడుమ దానిని కదలనీయక బిగించుట చూచినది. బల్లికి బద్దలెట్లు కట్టుట? బుట్టలో వేసిన అది ముంగాళ్లతో ప్రాకి నడుమును మెలిపెట్టుకొనును. నలుదెసల కలయజూచిన ఆమె చూపు గూటిలోని నాడెపై నిలిచెను. నేతగాని చేతినుండి చేతికి పడుగు నడుమ పరుగులిడుచు పేకదారమును పరచు ఆ పడవవంటి కొయ్యపనిముట్టు కడుపు బోలుగా నుండును. ఆ బోలులో దారపుకండె నుంతురు. రామలింగడు తుదిసారి విడిచిన సగము కండె ఇంకను దాని కడుపుననే యుండెను. అతడు పోయిన పిమ్మట ఆ నాడెను ఎవ్వరు అడిగినను ఆమె ఇయ్యలేదు, ఆ కండెను తాకనైన తాకలేదు. ఆ సాయంకాలము దానిని తీసి కొంగున ముడివేసికొని నాడెలో మెత్తని దూది పరచి బల్లిని పొడుగున పరుండబెట్టెను. కొలిచి చేయించినట్లు సరిపోయెను.

అది మొదలు చౌడమ్మ దినచర్యయే మారిపోయెను. తెల్లవారి మిద్దెకప్పునందలి గవాచినుండి దిగిన ఎండపొడ నేలపై జరుగుచుండగా ఆమె నాడెను దానివెంట జరుపుచుండెను. దూదివత్తిని నీట ముంచి చుక్కచుక్కగా నోటికందించెను. వాన వెలిసిన సాయంకాలములందు దీపమును ముసరు ఉసిళ్ల రెక్కలు త్రుంచి మెత్తజేసి పుల్లకొనతో తినిపించెను. వెనుకభాగము పనిచేయక దాని కడుపుబ్బినపుడు తడిగుడ్డతో నిమిరి విసర్జింపజేసి తుడిచి దూది మార్చెను. ఇట్టి పనులకు కొందరు ముక్కు మూసికొందురు గాని చేయుటకు ఒక ప్రాణి యుండుటయే ఆమెకు పండుగ.

“తిను తల్లీ. మగ్గం కాడ మగనికి పెట్టినప్పుడు గూడా ఇంత బతిమాలలేదు నేను,” అని యామె దానిని కసరుచుండెను. గొంతు విని అది కన్నుగ్రుడ్లను నాలుకతో నాకుకొనును. అదియే ఆమెకు బదులు. ఆ ఇంట మాటకు బదులు వచ్చి ఎన్నియో ఏండ్లాయెను.

భాద్రపదము ప్రవేశించెను. వెనుకకాళ్లు మాత్రము కదలలేదు. ఇట్లుండగా వీధికి పెద్దయు చౌడమ్మకు మామ వరుసయు నైన లింగిశెట్టి నున్నని నెత్తిపై ఒక సాయంకాలము బల్లి పడెను. ఆయన స్నానము చేసి విబూది పూసికొని గాంభీర్యము చెడకుండునంత వేగముతో చౌడమ్మ వాకిటికి వచ్చెను. మామ పిలుపు వినిన సంతోషమున ఆమె చేతిలోనిదానిని దించుట మరచి వెలికి వచ్చెను. చాచిన ఆయన చేయి నడుమనే నిలిచెను.

“ఏందమ్మా చేతిలో?”

“బల్లి మామా. నడుము ఇరిగింది. సాకుతాండా.”

“దినామూ చేత్తోనే ముడుతాండావా?”

“ముట్టకుండా ఎట్ల సాకేది మామా?”

లింగిశెట్టి రెండడుగులు వెనుకకు వేసి అరుగుచివర కూర్చుండెను. ఆయన చెడ్డవాడు గాడు. కరవునాడు ఈమె యింటికి జొన్నలు పంపినవాడే. కావుననే నెమ్మదిగా చెప్పెను. “కోడలా, నీ చేతిలో ఉండేది కంచి పుణ్యం. నీదొక్కదానిదే కాదు, వీధి అందరిదీ. ఆ జీవిని ముట్టి ముట్టి దాన్ని పోగొడితే మేం యాడికి పోవల్ల? దాన్ని అవతల పెట్టి తలకు నీళ్లు పోసుకో. ముందటి మాదిరే అందరమూ వస్తాం. లేదంటావా, ఈ వీధిలో ఇంక నిన్ను ముట్టేవాళ్లుండరు.”

“అది నడిచేదాకా ఆగు మామా.”

“ఆ నడుము చూసినాక గూడా ఆ మాటంటావా? రేపు దీపాల యాళకల్లా తేల్చుకో.”

మరునాటి సాయంకాలము చౌడమ్మ నాడెను పెరటిగోడ మొదట దించి వెనుదిరిగి చూడక లోనికి వచ్చి కూర్చుండెను. రెండు చేతులును ఒడిలో పెట్టుకొని వానినే చూచుచుండెను. ఈ చేతులను ఇక ఎవ్వరును పట్టుకొనరన్న యూహయే ఆమెకు భయంకరముగా తోచెను. అన్నము లేకున్నను ఒకపూట గడుచును. మనుష్యుని చేయి యెట్టిదో మరచిపోయి చచ్చుట ఆమెకు ఇష్టము లేదు. బల్లిదేమున్నది, ఎట్లును నడువని ప్రాణి, కడకు ఎవరి పుణ్యము వారిది యని తనకు తానే చెప్పుకొనెను. చెప్పుకొన్న కొలదిని ఆ మాట నిలువలేదు. చినుకులు మొదలిడెను. ఆమె చివాలున లేచి పెరటికి పరుగెత్తెను.

చీమలు అప్పటికే నాడె అంచునకు వరుస కట్టినవి. బల్లి ముంగాళ్లతో కొయ్యను కరచిపట్టుకొని పారిపోవు ప్రయత్నమైనను చేయక తల యెత్తి యుండెను. ఆమె ఒక్కొక్క చీమను ఏరిపారవైచుచు ఏడ్చెను. “నన్ను జూసి నేర్చుకున్నావే, పెట్టిన కాడ్నే ఉండేది,” అని దానిని కొంగున కప్పుకొని లోనికి తెచ్చెను. దీపము వేళకు లింగిశెట్టి వాకిట దగ్గినపుడు ఆమె వెలికి రాలేదు. ఆయన కాసేపు నిలిచి వెడలిపోయెను.

ఆనాటినుండి ఎవ్వరును రాలేదు. నూలుబుట్ట వచ్చుచుండెను, కండెలు పోవుచుండెను, అంతియే. ఆ నెలలోనే గురవమ్మ మగనితో చీరల మూటవెంట రైలెక్కి కంచికేగి బంగారుబల్లిని ముట్టి వచ్చెను. ఇక వీధివారందరును గురవమ్మ వాకిటికే పోవ మొదలిడిరి. “చేతులిట్ల ఇయ్యి గురవమ్మా” యను పిలుపులు పొరుగుగోడ నుండి వినవచ్చినపుడెల్ల చౌడమ్మ కండె చుట్టుట ఆపి వినుచుండెను. అసూయ కలుగలేదని చెప్పిన అబద్ధమగును. కలిగెను, మిక్కిలి కలిగెను.

ఆశ్వయుజపు ఎండలు తెల్లబడిన పిమ్మట ఒకనాడు ఆమె బల్లి వెనుకపాదమున ఆముదము రాయుచుండగా దాని వ్రేలొకటి ఆమె వ్రేలిని పట్టి విడిచెను. భ్రమ యనుకొని మరల నిమిరెను. మరల పట్టెను. చౌడమ్మ గట్టిగా నవ్వి ఆ నవ్వు చప్పుడునకు తానే ఉలికిపడెను. ఆ తరువాత ఆమె గుంటమగ్గముపై పలకలు తీసి పాతపడుగు దారములు నాలుగు గోడకు ఏటవాలుగా బిగించి వానిపై బల్లిచేత ప్రాకించ మొదలిడెను. మొదట జారిపడుచుండెను. పిదప సగముదాక ఎక్కుచుండెను. మొండితోక చివర లేతతోక మొలకెత్తెను. నడుమున వంకర మాత్రము పోలేదు. ఎడమకాలు పట్టు ఎప్పుడును కుడికాలికంటె క్షణము ఆలస్యమే.

కార్తికమున ఒక ఉదయము నాడె శూన్యముగా నుండెను. చౌడమ్మ బుట్టలెత్తి చూచెను, మగ్గపుగుంటలో దిగి చూచెను. తుదకు తల యెత్తగా దూలముమీద వంకరనడుముతో అది నిలిచియుండెను. ఆమె చూచుచుండగనే కప్పుదంతెల నడిమి చీకటిలోనికి పోయెను. ఇందుకేగదా ఇంత చేసితినని ఆమె సంతసించెను. ఆ సంతోషము మధ్యాహ్నముదాక నిలిచెను. ఆపై ఎండపొడ నేలపై జరుగుచుండ దానివెంట జరుపుటకు ఏమియు లేక ఆమె ఊరక కూర్చుండెను. మనుష్యులును పోయిరి, బల్లియు పోయినది. కొంగుముడిలోని సగము కండెను తీసి మరల నాడెలో పెట్టబోయి పెట్టలేక పక్కనుంచెను.

కొన్నినాళ్లకు ఒక సంధ్యవేళ గురవమ్మ కండెలకై వచ్చి అరుగుమీద నిలిచియుండెను. చౌడమ్మ దీపము ముందర తుదికండె చుట్టుచుండగా మీదినుండి చల్లని మెత్తని దేదియో ఆమె ముంజేతిపై తప్పున పడెను. రాట్నము ఆగిపోయెను. పడినది పారిపోలేదు. ముంగాళ్లు పట్టెను, కుడికాలు పట్టెను, క్షణము తాళి ఎడమకాలు పట్టెను. చౌడమ్మ చూడకయే ఎరిగెను.

“అక్కా, నీ మీద బల్లి పడె!” అని గురవమ్మ కేకవైచెను. చెల్లెలివలె మెలగిన పాతదినములు గుర్తువచ్చెనో, తలుపుసందున నలిగినదే మనసున మెదలెనో, ఆమె గడప దాటి లోనికి వచ్చి రెండుచేతులును చాచెను. “విదిలించేసి రా. నన్ను ముట్టుకో, దోసం పోతాది. మామ ఏమన్నా అననీలే, నేను చూసుకుంటా. రా అక్కా.”

చౌడమ్మ ఆ చేతులను చూచెను. ఎన్ని నెలలుగానో కలలోనైనను కానరాని చేతులు, ఇప్పుడు తనకై తామే వచ్చి దీపకాంతిలో తెరచియుండెను. వానిని పట్టుకొనవలెనని ఆమె ప్రాణము కొట్టుకొనెను. లేచినచో ముంజేతిపైనిది పారిపోవును.

“పడలేదే గురవా,” అని యామె మెల్లగా అనెను. “వచ్చింది.”

గురవమ్మ చేతులు కొంతసేపు అట్లే చాచియుండి పిదప కొంగులో దాగెను. కండెల బుట్టనైన తీసికొనక ఆమె వెడలిపోయెను. వీధిలో మగ్గములు ఒకదాని వెనుక నొకటిగా నణగిపోయెను. చౌడమ్మ చేయి కదల్చలేదు. సగము చుట్టిన కండెనుండి దారము సడలి ఒడిలో పడుచుండినను, రెప్పపాటు ఆలస్యముగా పట్టుకొనిన ఆ చిన్ని ఎడమకాలి పట్టు సడలునేమో యని ఆమె ఊపిరియైనను మెల్లగానే విడుచుచు అట్లే కూర్చుండెను.