ఖిదిర్ గట్టు

ఖిదిర్‌లో ఒకే ఒక్క లోపం ఉంది. ఆయనకు తప్పు చేయడం రాదు. లంకలో మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు ఎంచక్కా రోజుకో తప్పు చేసి, సాయంత్రానికి మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, పెళ్ళాం చేత నాలుగు మాటలు అనిపించుకుని, కడుపునిండా తిని పడుకుంటారు. ఆయన పెళ్ళాం ఇంతిసార్‌కు ఆ భాగ్యం దక్కలేదు. ఖిదిర్ పడవ అందుకోలేకపోతే పడవ తొందరపడినట్టు. కూరలో ఆయన వేసిన ఉప్పు ఎక్కువైతే ఈసారి ఉప్పే ఘాటుగా వచ్చినట్టు. ఖార్తూమ్ కాలేజీలో చదివే రోజుల్లో ఇంతిసార్‌కు తర్కశాస్త్రంలో మంచి మార్కులే వచ్చాయి. అవి ఈ కాపురంలో దేనికీ అక్కరకు రాలేదు.

ఆయన చేయని తప్పులన్నిటిలోకీ పెద్దది ఏటి ఒడ్డున ఉండే గట్టు.

ఉమ్ సుంత్ లంకకు రెండు పక్కలా నీలి నైలు. ఏడాదిలో ఎక్కువ నెలలు అది పేరుకు తగ్గట్టు బుద్ధిగా పారుతుంది. ఎగువన హబష్ దేశపు కొండల్లో వానలు పడ్డాయంటే మాత్రం ఎర్రబడి, తుమ్మచెట్ల మొదళ్ళు ముంచి, ఇటుక బట్టీలు ఆర్పి, ఇళ్ళ గుమ్మాల వైపు చూస్తుంది. వెనక్కి వెళ్ళేటప్పుడు దోసపాదులకూ అలసందలకూ సరిపడా ఒండ్రు వదిలి వెళ్తుంది కాబట్టి దాన్ని ఎవరూ గట్టిగా ఏమీ అనరు. వెనకటి పెద్ద వరద తగ్గాక ఖిదిర్ లంకలోని మగవాళ్ళను కూడగట్టి, వాళ్ళ తాత నీటిచక్రం ఉండిన చోట రాళ్ళూ మట్టీ పోయించాడు. ఎద్దులు తిప్పే ఆ చక్రం ఎప్పుడో పుచ్చిపోయింది. దాని కింది గోతిని కొమ్మలతో, చెత్తతో పూడ్చి, పైన గట్టు వేశారు. ఆ తర్వాత ఏ వరదా దాన్ని దాటలేదు. జనం దానికి ఖిదిర్ గట్టు అని పేరు పెట్టారు. ఆయన వద్దనలేదు.

ఇవాళ ఆ గట్టు మీదికే పెళ్ళి ఊరేగింపు రావాలి. పెళ్ళికొడుకు ముజ్తబా, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. సాయంత్రపు అస్ర్ నమాజు అయ్యాక దరువుతో బయల్దేరి, పొద్దుగూకే లోపల వరుడు ఏటి నీళ్ళలో చేతులూ ముఖమూ తడుపుకోవాలి. చెయ్యి పట్టుకుని దింపే హక్కు తండ్రిది. ఏటిని ముట్టని పెళ్ళిని లంకలో పెళ్ళిగా లెక్కవేయరు.

పొద్దున్నే ఇంతిసార్ పెళ్ళి పళ్ళేలు కడగడానికి గట్టు మీదికి వెళ్ళింది. ఏరు దిగుతోంది. రెండు వారాల కిందట అంచు దాకా ఉన్న ఎర్ర నీళ్ళు ఇప్పుడు మనిషి లోతు కిందికి పోయాయి. వరద గండం గడిచిందని లంకంతా ఊపిరి పీల్చుకుంది కూడా. ఆమె పళ్ళేలు తోమి, తొట్టెడు సబ్బునీళ్ళు గట్టు మీద ఒంపింది. నీళ్ళు అంచు వైపు జారాలి. జారలేదు. పిల్లాడు పాలు తాగినట్టు గుటగుటమని నేలలోకి దిగిపోయాయి. ఆమె తొట్టె పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి చాలా కింద, రాళ్ళ సందులోంచి తెల్లటి నురగ బయటికి వచ్చి ఏట్లో కలిసింది.

ఇంతిసార్ మెల్లగా, పక్కింటివాళ్ళ చంటిపాప నిద్ర లేస్తుందేమోనన్నంత మెల్లగా, వెనక్కి నడిచింది.

ఖిదిర్ అప్పటికే దీపాల తీగలు కట్టిస్తున్నాడు.

"హాజీ, గట్టు లోపల బోలుగా ఉంది."

"నీకెవరు చెప్పారు?"

"సబ్బునీళ్ళు చెప్పాయి. పైన పోస్తే కింద తేలాయి."

"ఎలుక బొరియ అయ్యుంటుంది."

"తొట్టెడు నీళ్ళు పట్టే బొరియ ఎలుకకెందుకు? అది కూడా పెళ్ళి పెట్టుకుందా?"

తీగ కడుతున్నవాళ్ళు నవ్వబోయి, ఖిదిర్ మొహం చూసి దగ్గారు.

"ఏరు దిగుతోంది ఇంతిసార్," అన్నాడాయన, బళ్ళో పిల్లకు చెప్పినట్టు. "అంత వరద నెత్తిన పెట్టుకుని ఆగిన గట్టు, ఖాళీ అయ్యాక పడుతుందా?"

"నీళ్ళు నిండుగా ఉన్నన్నాళ్ళూ అవే గట్టుకి భుజం ఇస్తాయి. దిగేటప్పుడు ఆ భుజం తీసేస్తాయి. నానిన మట్టి ఇంక దేన్ని ఆనుకుని నిలబడాలి? కిందటేడు మీ బావ నిమ్మతోట కూలింది ఏరు దిగేటప్పుడే కదా?"

"అది బాబికిర్ తోట. ఇది నా గట్టు."

బావ పేరు ఎత్తకుండా ఉండాల్సిందని ఇంతిసార్ నాలుక కరుచుకుంది. బాబికిర్ ఖిదిర్ అక్క మొగుడు. లంకలో ఖిదిర్ తర్వాత మాట చెల్లేది ఆయనకే. తన తర్వాత కూడా ఎవరూ ఉండకూడదని ఖిదిర్ అభిప్రాయం.

"పోనీ ఊరేగింపుని రేవు దగ్గరికి తీసుకెళ్దామండీ. అక్కడ ఇసుక వాలుగా ఉంటుంది. అదీ ఇదే ఏరు."

"పడవలెక్కే చోటికా? మేకలతో పాటా? మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం పెళ్ళికి ఇక్కడే నీళ్ళు ముట్టాం. నా కొడుకూ ఇక్కడే ముడతాడు."

ఇంక ఆడబిడ్డే దిక్కు. బాబికిర్ భార్య బతూల్ పెరట్లో పెళ్ళివాళ్ళకు సుగంధం నూరుతోంది. అంతా విని నోరు నొక్కుకుంది.

"శుభమా అని పెళ్ళి జరుగుతుంటే కూలడం ఏమిటి మరదలా? ఏరు ముట్టని వరుడికి పిల్లలు పుట్టరు, తెలుసా?"

"ఏరు ముట్టొద్దన్నానా వదినా? ఆ గట్టు ముట్టొద్దంటున్నాను."

"ఖిదిర్ ఏమన్నాడు?"

"మీ తమ్ముడు ఏమంటాడు?"

"అయితే ఇంకేం, అంతే!" అని బతూల్ మళ్ళీ నూరుకోసాగింది.

మధ్యాహ్నం భోజనాల సందట్లో ఇంతిసార్ మరోసారి గట్టుకు వెళ్ళింది. అంచుకు పది అడుగులు ఇవతల, ఒడ్డు పొడుగునా, నేల మీద వెంట్రుకంత గీత కనిపించింది. వంగి చూసింది. జడపిన్ను తీసి దూరిస్తే తల దాకా దిగింది. ఇంటికెళ్ళి, ఉమ్దుర్మాన్ నుంచి వచ్చిన చుట్టాలకు కర్కదే పూల షర్బతులిచ్చి, వాళ్ళ పిల్లల చదువులు అడిగి, ఒక్క జవాబూ వినకుండా తల ఊపి, మళ్ళీ వచ్చి చూసింది. ఇప్పుడు వేలు దూరుతోంది.

చెయ్యి పట్టుకుని మరీ ఖిదిర్‌ను తీసుకొచ్చి చూపించింది. ఆయన గీత వైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఎండకి నేల నెర్రె విచ్చింది," అన్నాడు చివరికి. "ఒరే, ఆ తివాచీ ఇటు లాగండిరా!"

ఎర్ర తివాచీ వచ్చి గీతను కప్పేసింది. తివాచీ మీద కుర్చీలు వరసగా కూర్చున్నాయి. కనబడని పగులు ఇంక లేనట్టే. ఇంతిసార్ కుర్చీలు లెక్కపెట్టలేదు. ఊరేగింపులో వచ్చే ఆడవాళ్ళను తలుచుకుంది. చంకల్లో పిల్లలు, పైగా గంతులు, దరువుకు తగ్గట్టు నేల తొక్కే పాదాలు. వాళ్ళందరికీ ముందు, చేతులకు గోరింట, మణికట్టుకు ఎర్రపట్టు దారంతో ముజ్తబా. ఈ గట్టు మీద వాడు ఆడుకోని రోజు లేదు. ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పక్కర్లేదు, నేరుగా అంచుకే వెళ్తాడు.

అస్ర్ నమాజు పిలుపు వినిపించింది.

లంకలో ఖిదిర్ మాట జనం వింటారు. కానీ ఊరేగింపులో మాత్రం ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అక్కడ ముందు డోలు నడుస్తుంది, దాని వెనక జనం నడుస్తారు. ఈ సంగతి తట్టగానే ఇంతిసార్ తోబ్ కొంగు నడుముకు బిగించి వంటింటి వెనక్కి పరుగెత్తింది.

హవ్వా అక్కడ మట్టి డోలును నిప్పుల దగ్గర పెట్టి కాస్తోంది. చర్మం బిగిస్తేనే దరువు పలుకుతుంది. లంకలో అందరి పెళ్ళిళ్ళకూ వాయించింది ఆవిడే. మనిషి ఎంత లావో గొంతు అంత లావు.

"హవ్వక్కా, ఈతచెట్ల మలుపు దగ్గర కుడికి తిరగొద్దు. ఎడమకి తిరుగు. రేవుకి."

"అయ్యో, గట్టు కుడిపక్క కదా?"

ఇంతిసార్ నీళ్ళ సంగతీ, జడపిన్ను సంగతీ చెప్పింది. హవ్వా డోలును ఒళ్ళోకి తీసుకుని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"హాజీ నన్ను చంపేస్తాడమ్మా."

"ఆయన చంపితే నువ్వొక్కదానివే పోతావు. అటు తీసుకెళ్తే అందరం పోతాం."

హవ్వా డోలు చర్మం మీద వేళ్ళతో తట్టి చూసింది. "మీ పెళ్ళికీ నేనే వాయించాను," అంది నిట్టూర్చి. "అప్పుడే ఎడమకి తిప్పాల్సింది."

ఊరేగింపు కదిలింది. నాలుక ఆడిస్తూ ఆడవాళ్ళు పెట్టే ఉలులూ కేకలు, కుర్రాళ్ళు గాల్లో తిప్పే కొరడాలు, దుమ్ము, మల్లెల సెంటు. ఖిదిర్ ముందే వెళ్ళిపోయాడు, గట్టు మీద నిలబడి స్వాగతం చెప్పాలని. ఇంతిసార్ కొడుకు పక్కనే నడిచింది. ఈతచెట్లు దగ్గరపడుతుంటే అరచేతులు చెమటపట్టి, గోరింట వాసన గుప్పుమంది. హవ్వా మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. దరువు తడబడింది. కుడివైపు, అల్లంత దూరాన, దీపాలు వెలిగాయి.

హవ్వా కళ్ళు మూసుకుని ఎడమకు తిరిగింది.

"ఇటెక్కడికి, ఇటెక్కడికి!" బతూల్ అరుస్తోంది. అరుస్తూనే నడుస్తోంది, వెనక జనం నెడుతుంటే ఏం చేస్తుంది!

"అమ్మా, గట్టు అటు కదా?" అన్నాడు ముజ్తబా.

"పెళ్ళికొడుకువి, సిగ్గుపడుతూ నడు. దారులు నీకెందుకు?"

రేవులో ఇసుక వెచ్చగా ఉంది. కట్టేసిన పడవల్లో మేకలు బిత్తరపోయి చూశాయి. జనం నీళ్ళ అంచున పరుచుకుంటుంటే ఇంతిసార్ ఒక్కొక్క ముఖమే వెతికింది. ముజ్తబా ఉన్నాడు. వియ్యపురాలు ఉంది. బాబికిర్ ఉన్నాడు. పిల్లలందరూ ఉన్నారు.

ఖిదిర్ లేడు.

"నాన్న రానిదే నేను నీళ్ళు ముట్టను," అంటున్నాడు ముజ్తబా. ఇంతిసార్ చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఖాళీ కుర్చీల మధ్య, ముందు వరసలో, ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తెల్లటి పొడుగాటి జలాబియా, తలపాగా, చేతిలో కర్ర. వెనక దీపాలు. తివాచీ మధ్యలో, ఎవరూ కూర్చోకుండానే, నులకమంచంలా దిగి ఉంది. తీగ కట్టిన ఒక గుంజ ఏటి వైపు వంగింది.

ఇంతిసార్ తివాచీకి ఇవతలే ఆగిపోయింది.

"హాజీ, ఇటు రండి."

"దారి మళ్ళించిందెవరు?"

"నేనే. తిట్టాలనుకుంటే ఇటొచ్చి తిట్టండి."

"వాళ్ళందరూ వెనక్కి వచ్చేదాకా నేనిక్కడి నుంచి లేవను."

కింద ఎక్కడో రాయి ఒకటి నీళ్ళలో పడింది. తర్వాత ఇంకొకటి. చివరి వరసలోని కుర్చీ దానంతట అదే ఒక పక్కకు ఒరిగింది. ఆయన చూశాడు. చూసి, కర్రను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ప్రాణం మీదికొచ్చిందని చెబితే ఈ మనిషి లేవడని ఇంతిసార్‌కు అర్థమైంది. ప్రాణానికంటే పైనున్నది ఇంకోటి ఉంది ఆయనకు.

"మీ ఇష్టం," అంది, వెనక్కి తిరగబోతూ. "బాబికిర్ అన్నయ్యగారు ముజ్తబా చెయ్యి పట్టుకున్నారు. తండ్రి రాకపోతే మేనత్త మొగుడే తండ్రి అట. నీళ్ళలోకి దింపేస్తున్నారు."

ఖిదిర్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది.

"బాబికిరా!"

హాజీలు పరుగెత్తరు. ఆయన మాత్రం జలాబియా పైకెత్తి పట్టుకుని, తివాచీ మీద నుంచి పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చి, ఆమెను దాటి, ఇంకా నాలుగడుగులు వేశాడు. అప్పుడు వెనక నేల మూలిగింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. బరువు మోసిన ఒంటె మోకాళ్ళ మీద కూర్చునేటప్పుడు చేసే శబ్దం లాంటిది. తివాచీ మధ్యలో మడత పడింది. కుర్చీలన్నీ ఒక్కసారిగా ఏటికి సలాం చేసినట్టు ముందుకు వంగాయి. తర్వాత అక్కడ తివాచీ లేదు, కుర్చీలు లేవు, గట్టు లేదు. దీపాలు ఎర్ర నీళ్ళ అడుగున ఒక్క క్షణం వెలుగుతూనే ఉండి ఆరిపోయాయి. తాత నీటిచక్రం గోతిలో ఖిదిర్ పూడ్పించిన కొమ్మలు నల్లగా పైకి తేలి సుళ్ళు తిరిగాయి.

ఇంతిసార్ కూడా నాలుగడుగులు వెనక్కి వేసి ఆయన పక్కకు చేరింది.

"బాబికిర్ నిజంగా చెయ్యి పట్టుకున్నాడా?" అన్నాడు ఖిదిర్, ఏటి వైపే చూస్తూ.

"లేదు. మీ కొడుకు మీరు రానిదే దిగనని కూర్చున్నాడు."

ఆయన రేవు దాకా ఆమె కంటే ఒక అడుగు వెనకే నడిచాడు. అదే మొదటిసారి.

రేవులో దరువు జోరుగా సాగుతోంది. ఖిదిర్ కొడుకు చెయ్యి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దింపాడు. ముజ్తబా చేతులూ ముఖమూ తడుపుకున్నాడు. ఆడవాళ్ళు ఉలులూ కొట్టారు. బతూల్ తోసుకుంటూ వచ్చింది.

"ఏంటి తమ్ముడూ, అటువైపు దీపాలెందుకు ఆరిపోయాయి?"

ఖిదిర్ గడ్డంలోనే ఏదో గొణిగాడు.

"ఆఁ? ఏంటీ?" బాబికిర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

ఖిదిర్ మళ్ళీ గొణిగాడు. డోలు మోతలో పెదాలు కదలడమే తప్ప మాట బయటికి రాలేదు.

"వినపడట్లేదండీ," అంది ఇంతిసార్. "దరువు ఎక్కువగా ఉంది."

ఆయన ఆమె వైపు చూశాడు. చూసి, తడిచెయ్యి పైకెత్తాడు. హవ్వా దరువు ఆపేసింది. పిల్లలు కూడా నోళ్ళు మూసుకున్నారు. పడవల అంచులకు నీళ్ళు తగులుతున్న చప్పుడు తప్ప రేవులో ఇంకేమీ లేదు.

"గట్టు కూలిపోయింది," అన్నాడు ఖిదిర్, ఒడ్డు చివరి మేకకు కూడా వినపడేలా. "పొద్దున్నించీ ఇంతిసార్ చెబుతూనే ఉంది. నాదే తప్పు."