గోడకు మసి

ఆస్పత్రి గేటు పక్కన రమణయ్య అంగట్లో పొద్దున ఏడింటికే నూనె సలసల కాగుతుండేది. బాలింతకైనా, కాలు విరిగినవాడికైనా, కడుపునొప్పితో మెలికలు తిరిగేవాడికైనా ఆ మసాలా వడే గతి. ఇది చూసి ఎవరైనా అయ్యో అన్నారా? వాసన బాగుందన్నారు, అంతే.

అంతకు మునుపు ఇలా ఉండేది కాదు. రోగుల వెంట వచ్చినవాళ్ళు చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి గంజి కాచుకునేవాళ్ళు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో గోడలకు కొత్తగా సున్నం కొట్టించారు. పొగకు మసిబారుతాయని ఆస్పత్రి పెద్దలు పొయ్యిలు వద్దన్నారు. ఆ హుకుం అమలు చేసే పని ఆయా ఎస్తేరమ్మ నెత్తిన పడింది. చెప్పింది తు.చ. తప్పకుండా చేసే మనిషి ఆమె.

ఆ వేసవిలో కోట అనే ఊరి వైపు నుంచి వెంకటశేషమ్మ టైఫాయిడ్ వచ్చిన కూతుర్ని తెచ్చి చేర్పించింది. చెంచులక్ష్మికి పదకొండేళ్ళు. పద్దెనిమిదో రోజుకు జ్వరం దిగింది. "పేగులింకా పుండుగా ఉన్నాయి. పల్చటి జావ తప్ప ఏమీ పెట్టొద్దు" అన్నారు డాక్టరు జీవానందంగారు. ఆ జావ ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

వెంకటశేషమ్మ గోడ చాటున పొయ్యి పెట్టింది. జావ ఉడుకుపట్టేసరికి ఎస్తేరమ్మ చెంబుడు నీళ్ళతో వచ్చింది.

"ఒక్క పొంగు రానీ అక్కా. బిడ్డ ఆకలికి ఏడస్తా ఉంది."

"నా ఉద్యోగం పోతే నువ్విస్తావా? అంగడుంది గదా, ఏదో ఒకటి కొని పెట్టు."

పొయ్యిలో నీళ్ళు కుమ్మరించి, రాళ్ళను కాలితో తోసేసింది.

ఆ సాయంత్రం పిల్ల తల్లి కొంగు పట్టుకుని వదల్లేదు. ఏ తల్లి ఓర్చుకుంటుంది? వడ కొని, పైపెచ్చు ఒలిచి, లోపలిది నీళ్ళలో పిసికి పెట్టింది. మెత్తగా ఉంటే జావలాంటిదే గదా అనుకుంది పిచ్చితల్లి.

తెల్లారేసరికి పిల్ల కడుపు రాయిలా బిగుసుకుపోయింది. పేగు చిల్లుపడిందన్నారు డాక్టరు. రెండోనాడు మధ్యాహ్నానికి చెంచులక్ష్మి లేదు.

"అంగట్లో అదే ఉండె అక్కా" అంది వెంకటశేషమ్మ. తిట్టి ఉంటే ఎస్తేరమ్మ మనసు కాస్తయినా తేలికపడేది.

శవాన్ని తీసుకుని బండి వెళ్ళిపోయాక, ఎస్తేరమ్మ ఆ మూడు రాళ్ళూ వెతికి తెచ్చి చింతచెట్టు కింద పెట్టింది. ఇంటి నుంచి బియ్యపు నూక తెచ్చి జావ కాచింది. నీళ్ళు పోసిన ఆ చెంబుతోనే మంచాల వెంట పంచుతుంటే జీవానందంగారు ఎదురొచ్చారు.

"ఇదేంది ఎస్తేరమ్మా? పెద్దలు వద్దన్నారు గదా."

"గోడకు మసి అంటితే మళ్ళీ సున్నం కొట్టొచ్చయ్యగారూ. ఆ బిడ్డని ఎవురు తెస్తారు?"

ఆమె భోరున ఏడ్చింది.

"జావ పెట్టమన్నాను గానీ, ఎక్కడ కాస్తావమ్మా అని నేనూ అడగలేదు" అన్నారు డాక్టరు. "పొయ్యి ఆర్పొద్దు. పెద్దలతో నేను మాట్లాడతాను. రోగి తినదగిన తిండి రోగికి అందేలా చూడడం కూడా వైద్యమే."