ఫెయిలయ్యేవాళ్ళు లేని బడి

బడి గుమాస్తా శాతంగారు అప్పటికే డ్రిల్లు మాస్టారిని ఉపాధ్యాయుల లెక్కలో కలిపేసి, సంగీతం టీచరమ్మ దగ్గర ఆగారు. ఆవిడ వారానికి ఒకసారే వస్తుంది. వచ్చినంతసేపూ టీచరే కదా అనుకుని ఆవిడనీ కలిపేశారు. ఒక్కో టీచరుకి ఎంతమంది పిల్లలన్న లెక్క కాస్త చక్కబడింది. లైబ్రరీలో అట్టలూడిన అట్లాసులు కూడా పుస్తకాలే అయ్యాయి.

ఏటా హైస్కూళ్ళకు ర్యాంకులిచ్చే పత్రిక ఈ వివరాలు అడుగుతుంది. ఎవరూ వచ్చి చూడరు, బడివాళ్ళు రాసి పంపిందే వేదం. అందులో సగం బరువు పాసైనవాళ్ళ శాతానిది. ఆ శాతం కట్టడంలో చేయి తిరిగినవాడని ఈ గుమాస్తాకి శాతంగారన్న పేరు స్థిరపడిపోయింది. బట్టతల, చెవిమీద పెన్ను, మోచేతుల దగ్గర అరిగిన చొక్కా. కూరెలా ఉందని అడిగి, "శాతాల్లో మాత్రం చెప్పకండి" అంటుంది ఇంట్లో భార్య. మనిషి మంచివాడు. ఆటల్లో పిల్లలు పడితే ముందు పరిగెత్తేది ఆయనే.

శాతం కిటుకు చిన్నదే. పదో తరగతి పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారన్నదే లెక్క. రాయనివాళ్ళ ఊసు ఎవరికీ పట్టదు. అందుకే పరీక్ష ఫీజు కట్టే ముందు, గట్టెక్కరనిపించిన పిల్లల పెద్దవాళ్ళని పిలిపించి టీసీ చేతిలో పెడతారు. కారణం దగ్గర "తండ్రి కోరిక మీద" అని రాసేది శాతంగారే.

ఈసారి వంతు ఒక బస్సు డ్రైవరు కూతురిది. మిగతావన్నీ బాగానే చదువుతుంది, లెక్కలంటేనే బెదురు. టీసీ రాయబోయిన శాతంగారు పెన్ను మళ్ళీ చెవిమీద పెట్టుకున్నారు. లేచి హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళారు.

"ఈ పిల్లని ఉంచేద్దామండీ. లెక్కలు నేను కూర్చోబెట్టి చెప్తాను."

ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "నాకు మాత్రం సరదానా? అన్ని బళ్ళూ ఇదే పని చేస్తుంటే, మనం ఒక్కళ్ళమే ఉన్నదున్నట్టు రాస్తే మనకి చదువు చెప్పడం రాదంటారు. ఒక్క పిల్లా చేరదు. కానివ్వండి."

శాతంగారు రాసేశారు.

మధ్యాహ్నం జోరువానలో తండ్రీకూతుళ్ళు వచ్చారు. గొడుగంతా కూతురి మీదే పట్టాడేమో, తండ్రి ఖాకీ చొక్కా తడిసి ముద్దయింది. విషయం విని ఆయన గొంతు పెంచలేదు.

"ఇప్పుడు ఏ బడివాళ్ళు చేర్చుకుంటారండీ?"

శాతంగారికి తెలుసు. ఎవరూ చేర్చుకోరు. వాళ్ళకీ శాతాలున్నాయి. పిల్లకి ఏడాది పోయినట్టే.

"పేపర్లో ర్యాంకు చూసే చేర్పించానండీ. మా బళ్ళో ఫెయిలయ్యేవాళ్ళే ఉండరని ఆరోజు మీరే చెప్పారు."

"చెప్పానండీ."

"ఫెయిలయ్యేలా ఉన్నవాళ్ళని ఏం చేస్తారో నేనే అడగలేదు."

"పోదాం నాన్నా," అంది ఆ పిల్ల.

ఆ తండ్రి సంతకం పెట్టి, టీసీ మడిచి చొక్కా లోపల దాచుకుని, కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగాడు. పత్రిక కాగితాల్లో పదో తరగతి పిల్లల సంఖ్య ఒకటి తగ్గించి దిద్ది, శాతంగారు తలెత్తి చూసేసరికి ఇద్దరూ గేటు దాటుతున్నారు. వాన ఇంకా తగ్గలేదు.

తలుపు మూల గోడకి ఆనించి వాళ్ళ గొడుగు ఉంది, గచ్చు మీదికి నీళ్ళు కారుస్తూ.