స్టూళ్లు లేని లాండ్రీ

వెనకగది తలుపు తోసిన నిట్రాట గడప మీదే ఆగిపోయాడు. ఆరేసిన దుప్పట్ల సందులోంచి ఇస్త్రీ పిన్ని వీపు కనిపిస్తోంది. పనివేళ, పెట్టె సెగలు కక్కుతుంటే, ఆవిడ బట్టలమూట మీద నిమ్మళంగా కూర్చుని ఉంది.

నిట్రాట అంటే లాండ్రీ యజమాని. ఇంటికప్పు మోసే నిట్రాటలా ఎప్పుడూ నిలబడే ఉంటాడని పేట పెట్టిన పేరు. నిద్ర కూడా నిలబడే పోతాడనీ, గురక మాత్రం పడుకుని పెడతాడనీ బావమరిది చెబుతుంటాడు. అందులో సగం నిజం, మిగతా సగం ఇంకా నిజం.

పేదరికం మనిషిలోకి పిరుదుల గుండా దూరుతుందని నిట్రాట సిద్ధాంతం. కూర్చుంటే చెయ్యి బద్ధకిస్తుంది, చెయ్యి బద్ధకిస్తే పొయ్యి చల్లారుతుంది. అందుకే కిందటేడు స్టూళ్లన్నీ విరగ్గొట్టి నీళ్లకాగు కింద పెట్టి, పేదరికాన్నే తగలబెట్టినంత సంబరపడ్డాడు. తను నిలబడే కదా కూలివాడి నుంచి యజమాని అయ్యాడు, మిగతావాళ్లకేం రోగం?

సైకిల్ మీద బట్టలు చేరవేసే బావమరిది దారి వేరు. పేదరికం కాళ్లలోంచి వస్తుందంటాడు. నిలబడి సంపాదించిందంతా మందులషాపుకే పోతుంది, కూలి పెంచి కాసేపు కూర్చోనిస్తే పేదరికం దానంతటదే తగ్గుతుందంటాడు. కూలి పెంచితే మర్నాడు ఒక్కరూ పనికి రారని నిట్రాట కొట్టిపారేస్తాడు. ఈ వాదనలో పడి బావాబావమరుదులు మాడ్చిన చొక్కాలతో ఓ పటాలానికి బట్టలు కట్టచ్చు.

ఇవాళ నిట్రాట సిద్ధాంతానికి రుజువు దొరికింది. నిట్రాట ముందుగదికొచ్చి, రేపట్నుంచి పిన్ని రానక్కర్లేదని తేల్చేశాడు. మంచాన పడ్డ మొగుడికి ఆవిడ కూలే ఆధారమని బావమరిది బతిమాలాడు. నిట్రాట వినలేదు. పిన్నిని పిలిచి నిలదీశాడు.

"కూర్చున్నాను నాయనా," అందావిడ. కారణం మాత్రం చెప్పలేదు.

ఆవిడ వెనకే నిట్రాట భార్య గోడ పట్టుకుని వచ్చింది.

"పిన్ని ఊరికే కూర్చోలేదండీ. నా కాలికి కట్టు కడుతోంది."

చీర పిక్కదాకా ఎత్తింది. సగం చుట్టిన గుడ్డ వేలాడుతోంది. నరాలు నల్లటి తాళ్లలా ముడులుపడి ఉన్నాయి. చీలమండ పైన పచ్చిపుండు.

నిట్రాట వంగి చూశాడు. అవి ఇంతకాలం తన పక్కనే, ఇదే బల్ల వెనక నిలబడ్డ కాళ్లు.

"ఎప్పట్నుంచి?"

"స్టూళ్లు పోయినప్పట్నుంచి. చెబితే బద్ధకమంటారని."

బావమరిది బట్టలమూట ఒకటి జరిపి అక్కను కూర్చోబెట్టాడు.

"కట్టు సగంలో ఉంది నాయనా," అంది పిన్ని. "పూర్తిచేసి వెళ్లిపోతాను."

నిట్రాట నేలమీద చతికిలబడి భార్య మడమను ఒళ్లోకి తీసుకున్నాడు. గుడ్డలోంచి కూడా చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉంది. పిన్ని కిందినుంచి పైకి చుట్టింది.

"రేపు మళ్లీ మార్చాలమ్మా," అంది అలవాటుగా, తర్వాత నాలిక కరుచుకుంది.

"రేపు కూడా రా పిన్నీ," అన్నాడు నిట్రాట. నేలమీంచి లేవలేదు.